దుమ్ము మంచిదా, చెడ్డదా? పిల్లల ఉబ్బసానికి పసితనంలోనే పడే పునాది

పిల్లాడికి ఆయాసంగా ఉందని తీసుకెళ్తే డాక్టరు చెప్పే మొదటి జాగ్రత్త దుమ్ము తగలనివ్వొద్దని. పాత బొంతలు తీసేయమంటారు, పరుపు ఎండలో వేయమంటారు, ఇల్లు ఊడ్చేటప్పుడు పిల్లాణ్ని పక్కింట్లో కూర్చోబెట్టమంటారు. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న పెట్టిన ఇంకో మాట కనిపిస్తుంది: 'మట్టిలో ఆడనివ్వకుండా పెంచుతున్నారు కాబట్టే ఈ అలర్జీలు, మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?' అని. డాక్టరు మాట వినాలా, పెదనాన్న మాట వినాలా? చాలా ఇళ్లలో టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

నిజానికి రెండు మాటల వెనకా గట్టి పరిశోధనే ఉంది. ఒకటి జబ్బు వచ్చిన తర్వాత సంగతి, రెండోది జబ్బు రాకముందు సంగతి. ఈ రెండు కాలాలను కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళం.

క్లుప్తంగా చెప్పాలంటే: పుట్టిన మొదటి ఏడాదిలో, కొంతవరకు తల్లి కడుపులో ఉన్నప్పుడే, బిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఏది శత్రువో ఏది కాదో నేర్చుకుంటుంది. ఆ సమయంలో రకరకాల హానిలేని సూక్ష్మజీవులతో పరిచయమైన పిల్లల్లో ఉబ్బసం, అలర్జీలు తక్కువగా కనిపిస్తున్నాయి. ఏ సూక్ష్మజీవులు, ఏ వయసులో, ఒంట్లోకి ఏ దారిన వచ్చాయన్నది ముఖ్యం. మురికి, పొగ, జబ్బు చేసే క్రిములు ఈ లెక్కలోకి రావు.

అన్నలూ అక్కలూ ఉంటే తుమ్ములు తక్కువ

పుప్పొడి వల్లే తుమ్ములు, ముక్కు కారడం వస్తాయని తన మీదే ప్రయోగాలు చేసుకుని తేల్చిన మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ 1873లోనే ఒక విచిత్రం గమనించారు. పుప్పొడి మధ్యే రోజంతా గడిపే రైతులకు ఈ జబ్బు దాదాపుగా లేదు. పట్నంలో చదువుకున్నవాళ్లకే ఎక్కువ. కారణం ఆయనకు అంతుపట్టలేదు. ఆ గమనిక వందేళ్లకు పైగా అలా పడి ఉంది.

1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17,414 మంది వివరాలు తిరగేశారు. ఇంట్లో తనకంటే పెద్ద పిల్లలు ఎంతమంది ఉంటే ఆ బిడ్డకు పుప్పొడి అలర్జీ వచ్చే అవకాశం అంత తక్కువ. ఇంటి పెద్దకొడుకు తుమ్ముతుంటాడు, నాలుగోవాడు హాయిగా తిరుగుతుంటాడు. అన్నలూ అక్కలూ బయటి నుంచి మోసుకొచ్చే ఇన్ఫెక్షన్లే చిన్నవాడికి కాపుదల అయ్యాయేమోనని స్ట్రాకన్ ఊహించారు. దానికే తర్వాత 'పరిశుభ్రత సిద్ధాంతం' అన్న పేరు స్థిరపడింది.

ఆ పేరు చేసిన చెరుపు అంతా ఇంతా కాదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం వల్ల ఉబ్బసం వస్తుందన్న అర్థం జనంలోకి వెళ్లిపోయింది. 2003లో గ్రాహం రూక్ అనే శాస్త్రవేత్త దీన్ని సరిదిద్దుతూ 'పాత మిత్రులు' అనే మాట వాడారు. తట్టు, కలరా లాంటివి మనిషికి చుట్టాలు కావు. ఊళ్లూ పట్నాలూ ఏర్పడి జనం గుంపులుగా బతకడం మొదలయ్యాకే అవి మనల్ని పట్టుకున్నాయి. వాటికంటే ఎంతో ముందు నుంచి మనిషి ఒంటి మీద, పేగుల్లో, చుట్టూ ఉన్న మట్టిలో, నీళ్లలో, పశువుల దగ్గర బతికిన సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి. మన రోగనిరోధక వ్యవస్థ వాటితో కలిసి పెరిగింది కాబట్టి, అవి కనిపించకపోతే తడబడుతుంది అన్నది ఆయన వాదన. తర్వాత వచ్చిన ఆధారాలు ఎక్కువగా ఈ వైపే మొగ్గాయి.

బెర్లిన్ గోడ కూలాక జర్మనీలో తేలింది

రెండు జర్మనీలు కలిసిన కొత్తల్లో ఎరికా ఫాన్ మ్యూటియస్ అనే పిల్లల డాక్టరు పశ్చిమాన ఉన్న మ్యూనిక్ పిల్లలను తూర్పున ఉన్న లైప్‌జిగ్, హాలె నగరాల పిల్లలతో పోల్చి చూశారు. తూర్పు జర్మనీలో బొగ్గు పొగ, గంధకపు గాలి విపరీతం. ఉబ్బసం అక్కడే ఎక్కువ ఉంటుందని అందరూ అనుకున్నారు. లెక్క తిరగబడింది. తూర్పు పిల్లల్లో దగ్గు, బ్రాంకైటిస్ ఎక్కువే కానీ ఉబ్బసం, పుప్పొడి అలర్జీ తక్కువ. అలర్జీ చర్మ పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లు పశ్చిమాన 36.7 శాతం, తూర్పున 18.2 శాతం. దాదాపు సగం.

పొగ మంచిదని దీనికి అర్థం కాదు. పొగ ఊపిరితిత్తులను రేపుతుంది, ఉన్న ఉబ్బసాన్ని ముదిరేలా చేస్తుంది. అలర్జీ స్వభావం ఏర్పడటం మాత్రం వేరే యంత్రాంగం. ఆ రెండింటినీ విడదీసి చూడాలని వైద్యులకు గట్టిగా తెలిసింది ఇక్కడే.

కొన్నేళ్ల తర్వాత లైప్‌జిగ్‌లో మళ్లీ సర్వే చేశారు. తూర్పున జీవితం అప్పటికే పశ్చిమం లాగా మారిపోయింది. పిల్లల్లో పుప్పొడి అలర్జీ పెరిగింది. ఉబ్బసం మాత్రం పెరగలేదు. ఆ పిల్లలు పుట్టిందీ, మొదటి రెండు మూడేళ్లు గడిపిందీ గోడ కూలకముందు. ఉబ్బసానికి సంబంధించినంత వరకు ఆ మొదటి ఏళ్లలోనే ఏదో తేలిపోతోందన్న అనుమానం అప్పుడు బలపడింది.

రెండు పల్లెలు, ఒకే మూలం

తర్వాత అందరి చూపూ పశువుల కొట్టం మీద పడింది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, దక్షిణ జర్మనీల కొండ పల్లెల్లో పాడి రైతుల పిల్లలను, అదే ఊళ్లో వ్యవసాయం లేని ఇళ్ల పిల్లలను పోలుస్తూ వరుసగా అధ్యయనాలు జరిగాయి. 2001లో వచ్చిన ఒక అధ్యయనం వయసు సంగతి తేటగా చూపించింది. ఏడాది లోపే పశువుల కొట్టంలో తిరిగి, ఇంటి పాడి పాలు తాగిన పిల్లల్లో ఉబ్బసం 1 శాతం. అవే అలవాట్లు ఏడాది దాటాక, ఐదేళ్ల లోపు మొదలైనవాళ్లలో 11 శాతం. కొట్టం అదే, పాలు అవే, మొదలైన వయసొక్కటే తేడా.

అయినా ఒక అనుమానం మిగిలింది. రైతు కుటుంబాల వంశంలోనే ఏదో రక్షణ ఉందేమో? దీనికి అమెరికాలో దాదాపు ప్రయోగశాల లాంటి పరిస్థితి దొరికింది. ఇండియానా రాష్ట్రంలోని ఆమిష్, దక్షిణ డకోటాలోని హటరైట్ అనే క్రైస్తవ వర్గాలవాళ్లు ఆల్ప్స్ పర్వతాల ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లే. జన్యువులు దగ్గర దగ్గర. రెండు వర్గాల్లోనూ పెద్ద కుటుంబాలు, తల్లిపాలు, కొవ్వు ఎక్కువున్న తిండి. సిగరెట్ పొగ తక్కువ. ఇంట్లో కుక్కా పిల్లీ ఉండవు. రెండూ వ్యవసాయం మీద బతికేవే.

తేడా అల్లా వ్యవసాయం చేసే పద్ధతిలో ఉంది. ఆమిష్ రైతుకు ఇప్పటికీ గుర్రాలే ట్రాక్టర్. ఒక్కో కుటుంబానికి ఒక్కో చిన్న డెయిరీ. కొట్టం ఇంటి పక్కనే ఉంటుంది కాబట్టి నడక రాని బిడ్డ కూడా తల్లి చంకలో ఉండి పాలు పితికే చోటికి వెళ్తాడు. కాస్త పెద్దవాళ్లు గడ్డిలో, పేడలో ఆడుకుని అవే కాళ్లతో ఇంట్లోకి వస్తారు. హటరైట్లు ఉమ్మడిగా పెద్ద యంత్రాలతో సాగు చేస్తారు. వాళ్ల పశువుల షెడ్లు ఇళ్లకు దూరం, పసిపిల్లలు అటు పెద్దగా వెళ్లరు. మన దగ్గర పెరట్లో రెండు గేదెలున్న ఇంటికీ, ఊరి బయట రేకుల షెడ్లలో నడిచే పెద్ద డెయిరీ ఫారానికీ ఉన్న తేడాను ఊహించుకుంటే చాలు.

ఫలితం? ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. అలర్జీ యాంటీబాడీలు ఉన్నవాళ్లు 7.2, 33.3 శాతం. 2016లో అచ్చయిన అధ్యయనంలో పరిశోధకులు రెండు చోట్లా ముప్పై మంది చొప్పున పిల్లల రక్తం పరీక్షించారు, ఇళ్లలో దుమ్ము సేకరించారు. ఆమిష్ ఇంటి దుమ్ములో బాక్టీరియా గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే పదార్థం 6.8 రెట్లు ఎక్కువ. అంతటితో ఆగలేదు. ఆ దుమ్ము సారాన్ని ఎలుకల ముక్కుల్లో వేసి, వాటికి అలర్జీ ఉబ్బసం తెప్పించడానికి ప్రయత్నించారు. ఆమిష్ దుమ్ము పీల్చిన ఎలుకలు తట్టుకున్నాయి. హటరైట్ దుమ్ము పీల్చినవి తట్టుకోలేదు. బాక్టీరియా జాడను పసిగట్టే సంకేత మార్గాలు లేని ఎలుకల్లో ఆమిష్ దుమ్ము కూడా పనిచేయలేదు. అంటే దుమ్ములో ఉన్న సూక్ష్మజీవుల అవశేషాలను ఒళ్లు గుర్తించడమే ఆ రక్షణకు మూలం.

ఒంట్లో జరిగేది ఏమిటి

అలర్జీ అంటే పొరపాటు కేసు పెట్టడం లాంటిది. పుప్పొడి, పరుపులో బతికే కంటికి కనిపించని ధూళి పురుగులు, బొద్దింక రెట్ట, పల్లీలోని ప్రోటీన్ ఇవేవీ హాని చేసేవి కావు. అయినా కొందరి ఒళ్లు వీటి మీద ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ అదే పదార్థం తగలగానే మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాల్లోంచి హిస్టమిన్ అనే రసాయనం వెలువడుతుంది. ముక్కులో అయితే తుమ్ములు, చర్మం మీద దద్దుర్లు, శ్వాసనాళాల్లో వాపు, బిగుసుకుపోవడం. పిల్లల ఛాతీలో వినిపించే పిల్లికూతలు ఆ ఇరుకైన గొట్టాల్లోంచి గాలి దూరే చప్పుడే.

పుట్టిన బిడ్డ రోగనిరోధక వ్యవస్థ సహజంగానే ఈ అలర్జీ వైపు మొగ్గి ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లీ బిడ్డా ఒకరినొకరు భరించడానికి అవసరమైన ఏర్పాటు అది. బయటికొచ్చాక దాన్ని నెమ్మదిగా సర్దాలి. సూక్ష్మజీవులతో పరిచయం పెరిగేకొద్దీ 'రెగ్యులేటరీ టీ కణాలు' అనేవి బలపడి, 'ఇది పరవాలేదు, వదిలేయ్' అని మిగతా కణాలను ఆపడం నేర్చుకుంటాయి. ఊళ్లో గొడవ పెరగకుండా చూసే పెద్దమనుషుల పని వాటిది.

శ్వాసనాళాల లోపలి పొరకు కూడా ఇందులో పెద్ద వాటా ఉంది. బెల్జియం పరిశోధకులు 2015లో చూపించింది ఇదే. ఎండోటాక్సిన్‌ను కొద్దికొద్దిగా, రోజు విడిచి రోజు పీలుస్తూ వచ్చిన ఎలుకల్లో ఏ20 అనే ప్రోటీన్ ఆ పొరలోని కణాల అలజడిని తగ్గించింది. తర్వాత ధూళి పురుగుల ప్రోటీన్ పీల్చినా ఉబ్బసం రాలేదు. ఆ పొరలో ఏ20 లేకుండా చేసిన ఎలుకలకు ఎంత కొట్టం దుమ్ము పట్టించినా లాభం లేకపోయింది.

మొదట్లో ఎదురైన చిక్కు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పొర ఇంకా నేర్చుకుంటున్న వయసులో దుమ్ములోని సూక్ష్మజీవులు పాఠం చెబుతాయి. అలర్జీ స్థిరపడిపోయాక అదే దుమ్ము గాయం మీద కారం. పైగా ఎండోటాక్సిన్ ఇప్పటికే ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెంచుతుందని బాగా తెలిసిన విషయం. ఆరేళ్ల ఉబ్బసం పిల్లాణ్ని గడ్డివాము దగ్గర ఆడుకోమని పంపితే మిగిలేది ఆ రాత్రి నెబ్యులైజరే.

పేగుల్లో మొదటి వంద రోజులు

ఊపిరితిత్తుల కంటే పెద్ద బడి పేగులు. కెనడాలో పుట్టినప్పటి నుంచి పిల్లలను గమనిస్తూ వచ్చిన ఒక అధ్యయనంలో 319 మంది శిశువుల మలాన్ని పరీక్షించారు. ఉబ్బసం వచ్చే ముప్పు ఎక్కువున్న పిల్లల్లో మూడో నెలలోనే నాలుగు బాక్టీరియా జాతులు తక్కువగా ఉన్నాయి: ఫీకాలిబాక్టీరియం, లాక్నోస్పైరా, వీల్లోనెల్లా, రోథియా. ఏడాది నిండేసరికి ఆ తేడా చాలావరకు కలిసిపోయింది. ఆలస్యంగా చేరడం లేటుగా బడికి వెళ్లడం లాంటిదే, పాఠం అప్పటికే అయిపోయి ఉంటుంది.

పేగుల్లోని మేలుచేసే బాక్టీరియా పీచును, తల్లిపాలలోని చక్కెరలను పులియబెట్టి అసిటేట్, బ్యుటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. అవి రక్తంలో కలిసి రెగ్యులేటరీ కణాలను పెంచుతాయి. తల్లిపాలలో బిడ్డకు అరగని ప్రత్యేక చక్కెరలు ఉంటాయి. అవి బిడ్డ కోసం కావు, బిడ్డ పేగుల్లోని బైఫిడోబాక్టీరియా కోసం. తల్లి రొమ్ము ఒకేసారి ఇద్దరికి వడ్డిస్తుందన్నమాట.

ఆ బాక్టీరియా బిడ్డకు మొదట చేరేది ఎక్కువగా తల్లి నుంచే. మామూలు కాన్పులో పుట్టిన బిడ్డకు తల్లి పేగుల, జనన మార్గపు సూక్ష్మజీవులు అంటుకుంటాయి. సిజేరియన్ బిడ్డకు మొదట దొరికేవి చర్మం మీదివి, ఆసుపత్రి వాతావరణంలోవి. దాదాపు 600 మంది శిశువులతో బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో సిజేరియన్ పిల్లల పేగుల్లో బాక్టీరాయిడిస్ అనే ముఖ్యమైన జాతి చాలామందిలో కనిపించలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయం నేరుగా తగులుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. దేశంలోనే అత్యధికం తెలంగాణది. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే కాన్పులు కూడా ఈ లెక్కలో ఉన్నాయి.

కానీ ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సిజేరియన్‌తో ఉబ్బసం ముప్పు సుమారు 20 శాతం పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. వందలో ఐదుగురికి వచ్చేది ఆరుగురికి వస్తుందన్నమాట. అందరికీ వస్తుందని కాదు. డెన్మార్క్‌లో 700 మంది పిల్లలను వెంబడించిన అధ్యయనం 2020లో ఇంకా సూక్ష్మమైన సంగతి చెప్పింది. సిజేరియన్‌లో పుట్టినా ఏడాది నిండేసరికి పేగుల్లోని సూక్ష్మజీవులు వయసుకు తగ్గట్టు కుదురుకున్న పిల్లల్లో అదనపు ముప్పు లేదు. ఏడాదికి కూడా కుదురుకోనివాళ్లలోనే ఉంది. తల్లీబిడ్డల ప్రాణం కోసం చేసిన ఆపరేషన్ గురించి ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు. అవసరం లేకుండా చేసిన ఆపరేషన్ల గురించి ప్రశ్న మాత్రం ఆసుపత్రులను అడగాల్సిందే.

యాంటీబయాటిక్ సీసా

జలుబు, రెండు రోజుల జ్వరం. మందుల షాపులో అడిగితే గులాబీ రంగు సిరప్. వైరస్ జలుబుకు అది పనిచేయదు, కానీ పేగుల్లో అప్పుడప్పుడే కుదురుకుంటున్న బాక్టీరియా మీద మాత్రం బాగా పనిచేస్తుంది.

మొదటి ఏడాదిలో యాంటీబయాటిక్స్ వాడిన పిల్లల్లో ఉబ్బసం ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. వాటికి ఒక అభ్యంతరం ఉంది. ఉబ్బసం రాబోయే పిల్లలకే చిన్నప్పుడు ఛాతీ జబ్బులు ఎక్కువ, అందుకే మందులూ ఎక్కువ పడి ఉంటాయి కదా? ఏది కారణం, ఏది ఫలితం? ఈ ముడి విప్పడానికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం పనికొచ్చింది. అనవసరపు యాంటీబయాటిక్స్ తగ్గించాలని అక్కడ గట్టిగా ప్రచారం చేశారు. 2000 నుంచి 2014 మధ్య ఏడాది లోపు పిల్లలకు రాసిన యాంటీబయాటిక్స్ దాదాపు 60 శాతం తగ్గాయి. అదే కాలంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కొత్త ఉబ్బసం కేసులు 26 శాతం తగ్గాయి. అక్కడి పిల్లల పేగుల పరీక్షలు కూడా ఈ కథకు సరిపోయాయి. దీన్ని తిరుగులేని రుజువు అనలేం గానీ, ఇంతవరకు దొరికిన ఆధారాల్లో ఇది బలమైనది. న్యుమోనియా వచ్చిన బిడ్డకు యాంటీబయాటిక్ ఆపడానికి మాత్రం ఇది సాకు కాకూడదు.

నోటి దారి, చర్మం దారి

తిండి అలర్జీల విషయంలో డాక్టర్లే ఒకప్పుడు తప్పుదారి పట్టారు. అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా పల్లీలు పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా ఇచ్చింది. పల్లీ అలర్జీలు తగ్గలేదు. 2008లో ఆ సలహా వెనక్కి తీసుకుంది.

అదే ఏడాది లండన్‌లో పనిచేసే గిడియన్ లాక్ బృందం ఒక పోలిక ప్రచురించింది. బ్రిటన్‌లో ఉన్న యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్ యూదు పిల్లల్లో 0.17 శాతం. ఇజ్రాయెల్‌లో పళ్లు రాని బిడ్డ చేతిలో కూడా నోట్లో వేస్తే కరిగిపోయే పల్లీ చిరుతిండి ఉంటుంది. 2015లో వచ్చిన ప్రయోగం దీన్ని తేల్చేసింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది శిశువుల్లో సగం మందికి 4 నుంచి 11 నెలల వయసులో పల్లీ తిండి మొదలుపెట్టి, మిగతా సగానికి ఆపేశారు. మొదటి చర్మ పరీక్షలో నెగెటివ్ వచ్చిన పిల్లల్లో, ఐదేళ్లకు ఆపేసినవాళ్లలో 13.7 శాతానికి అలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 1.9 శాతానికే.

దీనికి లాక్ చెప్పిన వివరణ ఆసక్తికరం. కొత్త ప్రోటీన్ నోటి దారిన పేగుల్లోకి వెళ్తే ఒళ్లు దాన్ని తిండిగా ఒప్పుకుంటుంది. ఎగ్జిమా అనే దురద జబ్బుతో పగిలిన చర్మం దారిన లోపలికి వెళ్తే చొరబాటుదారుగా చూస్తుంది. బ్రిటన్‌లో పల్లీ నూనె కలిసిన క్రీములు రాసిన, చర్మం మంటగా ఉండే పిల్లల్లో పల్లీ అలర్జీ ఎక్కువ కనిపించడం దీనికి ఒక ఆధారం.

అనంతపురం జిల్లాలో ఈ సంగతి చెబితే నవ్వుతారేమో. అక్కడ వేరుశనగ నాలుకకు పరిచయం కాని బాల్యం ఉండదు. అయితే మన ఇళ్లలోనూ ఆలోచించాల్సింది ఒకటుంది. పసిబిడ్డకు శనగపిండితో, పెసరపిండితో నలుగు పెడతారు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి పెట్టడం వేరు, ఎగ్జిమాతో ఎర్రబడి చెమ్మ కారుతున్న చర్మం మీద రుద్దడం వేరు. లాక్ వివరణ ప్రకారం చూస్తే రెండోది మానుకోవడమే క్షేమం. ఇక పల్లీని పొడిగానో ముద్దగానో పెట్టాలి, గింజగా పెడితే గొంతులో అడ్డం పడుతుంది.

అన్ని సూక్ష్మజీవులూ చుట్టాలు కావు

'జలుబులు రానివ్వండి, ఒళ్లు గట్టిపడుతుంది' అనేది పూర్తిగా నిజం కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో అలర్జీ కుటుంబాల పిల్లలను పుట్టుక నుంచి గమనించారు. మూడేళ్ల లోపు రైనోవైరస్ జలుబుతో పిల్లికూతలు వచ్చినవాళ్లకు ఆరేళ్లకు ఉబ్బసం ఉండే అవకాశం దాదాపు పది రెట్లు. వైరస్ ఉబ్బసాన్ని తెచ్చిందా, లేక రాబోయే ఉబ్బసాన్ని ముందే బయటపెట్టిందా అన్న చర్చ నడుస్తూనే ఉంది. రెండూ కొంత నిజమై ఉండవచ్చు.

అరిజోనాలోని ట్యూసన్ అధ్యయనం ఇంకో వైపు చూపించింది. ఇంట్లో పెద్ద పిల్లలున్నవాళ్లకూ, ఆరు నెలల లోపే డే కేర్‌కు వెళ్లినవాళ్లకూ రెండేళ్ల వయసులో పిల్లికూతలు ఎక్కువ. ఆరేళ్లు దాటాక అదే పిల్లల్లో తక్కువ. డే కేర్‌లో వేసిన కొత్తలో నెలకు రెండు జలుబులు చూసి బెంబేలెత్తే తల్లిదండ్రులకు ఇది కాస్త ఊరట.

టీకాల వల్ల ఉబ్బసం వస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. ఆమిష్, హటరైట్ పిల్లలు ఇద్దరికీ టీకాలు వేశారు. నులిపురుగుల సంగతి కలగాపులగం: కొంకి పురుగు ఉన్నచోట ఉబ్బసం తక్కువ, ఏలికపాము ఉన్నచోట ఎక్కువ. రక్తహీనతను కొనుక్కుని ఆయాసం పోగొట్టుకోవడం ఎలాగూ తెలివైన బేరం కాదు.

మన ఇళ్ల గాలి

ఇంత పల్లె జీవితం, ఇన్ని పశువులు ఉన్న దేశంలో ఉబ్బసం ఉండకూడదు కదా? అంతర్జాతీయ సర్వేల్లో భారత పిల్లల్లో ఉబ్బసం నిజంగానే తక్కువగా తేలింది. ఇటీవలి సర్వే లెక్క సుమారు 3 శాతం. కానీ ప్రపంచంలో ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా మన దేశంలోనే. జబ్బు తక్కువ, చావులు ఎక్కువ. అదే సర్వేలో అన్ని వయసులవారినీ కలిపి పిల్లికూతలు ఉన్నవారిలో 82 శాతం మందికి అది ఉబ్బసమని ఎవరూ చెప్పలేదు. 'నెమ్ము', 'కఫం', 'డస్ట్ అలర్జీ' అన్న పేర్లతో ఏళ్లు గడిచిపోతాయి. ఇన్హేలర్ అంటే 'అలవాటైపోతుంది' అన్న భయం సరేసరి. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం కట్టే క్యూలో చంటిపిల్లలు కూడా కనిపిస్తారు. దాని మహిమకు శాస్త్రీయ రుజువు లేదు.

సూక్ష్మజీవుల మేలును పొగ మింగేస్తుంది. స్నానం చేయించిన పసిబిడ్డను సాంబ్రాణి ధూపం మీద తిప్పడం తెలుగు పురిటి గదుల్లో తరతరాల అలవాటు. తలుపులు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, జుట్టు ఆరేదాకా ఆ పొగలోనే ఉంచుతారు. వాసన కమ్మగా ఉన్నా అది పొగే, పీల్చేవి పిడికెడంత ఊపిరితిత్తులు. రాత్రి దోమల చుట్ట. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక పరిశోధన కొలిచింది. దోమతెర ఆ పని పొగ లేకుండా చేస్తుంది. రోడ్ల పక్కన వయ్యారిభామ కలుపు పుప్పొడి, దీపావళి మర్నాటి గాలి వీటికి అదనం.

విదేశాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు సంబంధించిన లెక్క ఒకటుంది. అమెరికాలో 2007-08లో జరిగిన జాతీయ పిల్లల ఆరోగ్య సర్వేను విశ్లేషిస్తే, అక్కడే పుట్టిన పిల్లల్లో ఏదో ఒక అలర్జీ జబ్బు ఉన్నవాళ్లు 34.5 శాతం, వేరే దేశంలో పుట్టి వచ్చినవాళ్లలో 20.3 శాతం. వచ్చినవాళ్లు పదేళ్లకు మించి ఉంటే ఆ రక్షణ కరిగిపోతుంది. ఇది అన్ని దేశాల వలస పిల్లలను కలిపిన లెక్క. డల్లాస్‌లో పుట్టిన చెల్లికి పుప్పొడి కాలంలో కళ్లు వాచి, గుంటూరులో పుట్టిన అన్నకు ఏమీ కాకపోవడం వింతేమీ కాదు.

పల్లెను పట్నానికి తేవచ్చా

ఆమిష్ దుమ్మును సీసాలో నింపి అమ్మలేం. పచ్చిపాలలో రక్షణ ఉందన్నది నిజమే కానీ బ్రూసెల్లా అనే జబ్బు క్రిమి, క్షయ కూడా ఆ పాలలోనే రావచ్చు. పాలు పొంగేదాకా కాచే మన అలవాటు మార్చుకోనక్కర్లేదు. మేలుచేసే బాక్టీరియా ఉండే ప్రొబయోటిక్ పొడుల మీద ఆశ పెట్టుకున్నారు. ఫిన్లాండ్‌లో 2001 నాటి ప్రయోగంలో లాక్టోబాసిల్లస్ ఇచ్చిన పిల్లల్లో రెండేళ్లకు ఎగ్జిమా సగానికి తగ్గింది. ఉబ్బసం విషయంలో అలాంటి ఫలితం రాలేదు. ఒక్క జాతి బాక్టీరియాను గుప్పెడు మింగించడం, వందల జాతులున్న కొట్టంలో పెరగడం ఒకటెలా అవుతాయి? పెంపుడు కుక్క కొంత నయం. స్వీడన్ లెక్కల్లో మొదటి ఏడాది ఇంట్లో కుక్క ఉన్న పిల్లలకు బడి వయసులో ఉబ్బసం 13 శాతం తక్కువ, పశువుల మధ్య ఉన్నవాళ్లకు 52 శాతం తక్కువ. మొదటి ఏడాదిలో రకరకాల ఆహారం అలవాటు చేసిన పిల్లల్లో కూడా ఉబ్బసం తక్కువని యూరప్ రైతు పిల్లల అధ్యయనం చెప్పింది. ఉగ్గుతో మొదలుపెట్టి పప్పు, కూర, గుడ్డు, పెరుగు వరుసగా రుచి చూపించడం దానికి దూరమేమీ కాదు.

అన్నింటికంటే ధైర్యంగా అడుగేసింది మళ్లీ ఫిన్లాండే. లాహ్తీ, తాంపెరె నగరాల్లో కొన్ని డే కేర్ల కంకర పెరళ్లలో అడవి నేలను చాపలా కోసి తెచ్చి పరిచారు. నాచు, చిన్న పొదలు, ఆకుల కుళ్లు, మట్టి అన్నీ అలాగే. పిల్లలు రోజుకు గంటన్నర దాకా అందులో తవ్వారు, మొక్కలు నాటారు, బొమ్మలు చేశారు. 28 రోజుల్లోనే వాళ్ల చర్మం మీద బాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో అలజడిని అణిచే సంకేతాలు పెరిగాయి. ఆ మార్పు ఉబ్బసాన్ని ఆపుతుందా లేదా తెలియాలంటే ఇలాంటి పిల్లలను ఏళ్ల తరబడి గమనించాలి. పైగా ఆ పిల్లలు అప్పటికే మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. కొండ పల్లెల లెక్కలు చెప్పిన కీలక వయసు ఏడాది లోపు.